లెబూసా తవ్విన బావి

లెబూసాను గని నుంచి ఇంటికి పంపించేసిన మరుసటేడే ఊరి ఊట ఎండిపోయింది. రెంటికీ సంబంధం ఏమీ లేదు. అయినా ఊళ్లో కొందరు ముసలమ్మలు ఉందనే అనేవాళ్లు. మగవాళ్లంతా ఇళ్ల దగ్గర కూర్చుంటే నేలకు దాహం ఎక్కువవుతుందని వాళ్ల వాదన.

హా-సెకోటీ మఫెతెంగ్ పట్నానికి పడమటి వైపు, వానలకు కోతలు పడిన ఎర్రనేలల మధ్య ఉన్న ఊరు. అక్కడ మగపిల్లాడు గొర్రెలు కాసే వయసు దాటాడంటే సరిహద్దు దాటి పొరుగుదేశపు బంగారు గనికి పోవాల్సిందే. తాతలు పోయారు, తండ్రులు పోయారు. పోయినవాడు ఏడాదికోసారి కొత్త కంబళి కప్పుకుని, పెళ్లానికి గిన్నెలూ పిల్లలకు బూట్లూ పట్టుకుని వచ్చేవాడు. కొందరు గనిలో చిన్న రైలుబండి నడిపేవాళ్లు. కొందరు కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాళ్లు. కొందరు పైన వంటశాలలో సంకటి కెలికేవాళ్లు. లెబూసా అవేవీ చెయ్యలేదు. అతను గనిబావి తవ్వేవాడు.

గనికంటూ ఒక దారి ఉండాలి కదా. ఆ దారి నిలువునా కిందికి దిగే బావి. అది లేనిదే రైలుబండీ లేదు, దుంగలూ లేవు, బంగారమూ లేదు. మనిషన్నవాడు అడుగుపెట్టని రాతిలోకి మొదట దిగేది ఆ బావి తవ్వే ముఠా. మోకాలి లోతు నీళ్లలో, రబ్బరు కోటు వేసుకుని, చెవులు చిల్లులు పడే మోతలో రాతికి బెజ్జాలు వెయ్యాలి. మందు కూరాలి. ఇనప తొట్టిలోకి ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఎక్కి పైకి పోవాలి. పేలాక, పొగ పూర్తిగా పోకముందే మళ్లీ దిగి, పగిలిన రాయినంతా పారలతో తొట్టికెత్తాలి. తలెత్తి చూస్తే ఆకాశం చిల్లికాణీ అంత. పైనుంచి గుప్పెడు రాయి జారినా కింద ఉన్నవాడి పని అయిపోయినట్టే. ఆ పనిలో లెబూసా జాతివాళ్లను, అంటే బసోతోలను, మించినవాళ్లు లేరని గనుల్లో పేరు. చలికొండల్లో పుట్టినవాళ్లు, వాళ్లకు భయం తెలియదు అని మిగతా జాతులవాళ్లు చెప్పుకునేవాళ్లు. భయం తెలియకేం, తెలుసు. భయపడితే పక్కవాడు నవ్వుతాడేమోనన్న భయం అంతకన్నా పెద్దది.

లెబూసాకు గోడ చూసే కన్నుండేది. తూకంగుండు వేలాడదీయక ముందే బావి ఏ పక్కకు ఒరుగుతోందో చెప్పేవాడు. రాతిని సుత్తితో కొట్టి, ఆ మోత విని, ఇది నిలుస్తుంది, ఇది ఊడుతుంది అనేవాడు. ముఠాలో అతని మాటకు విలువుండేది. అందుకే ఇల్లు వదిలి అన్నేళ్లున్నా అతనికి బెంగ అనిపించలేదు. ఆ తర్వాత పెద్ద పెద్ద ఇనప గోళ్ల యంత్రాలొచ్చి రాయినెత్తడం మొదలెట్టాయి. ఆ తర్వాత కొత్త బావులే ఆగిపోయాయి. ఒకరోజు గని ఆవరణలో నిలబెట్టి పేర్లు చదివారు. పేరు వినపడ్డవాళ్లంతా ఇంటికి వచ్చేశారు, గుండెల్లో ఒక దగ్గుతో సహా.

ఏడాదికోసారి వచ్చే చుట్టంగా ఉన్నన్నాళ్లు లెబూసాకు ఇంట్లో రాజభోగం. ఇప్పుడు ఎక్కడ కూర్చోవాలో కూడా తెలిసేది కాదు. భార్య మాపులెంగ్ అతను లేకుండానే పొలం దున్నించింది, గోడలు అలికింది, అత్త పోతే మట్టి చేయించింది, కూతురు పులెంగ్‌ను పెంచి పెద్దచేసింది. జొన్నబీరు కాచి, గుమ్మం ముందు కర్రకు గుర్తుగా తెల్లజెండా కట్టి అమ్ముకునేది. ఏ డబ్బా ఎక్కడుంటుందో, ఏ మేక ఎవరిదో అతనికి తెలియదు. చీపురు అడ్డంగా ఉందని తీసి పక్కన పెడితే, సాయంత్రం అదే చోటికి తిరిగొచ్చేసేది.

పులెంగ్ రాజధాని మసేరులో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేది. జీన్స్ ప్యాంట్లకు జిప్పులు కుట్టడం ఆమె పని. పొద్దుగూకులూ జిప్పులే. ప్యాంటు కాళ్లు ఎలా ఉంటాయో వరసలో తన తర్వాతివాళ్లకే తెలుసని నవ్వేది. ఆ ఇంట్లో ఇప్పుడు సంకటి ఉడుకుతోందంటే ఆ జిప్పుల పుణ్యమే.

"సూదిపని సంపాదనతో మగాడి కడుపు నిండుతుందా," అని ఒకసారి నోరు జారాడు లెబూసా.

మాపులెంగ్ గరిటె ఆపలేదు. "నిండకపోతే ఇంకో ముద్ద వేస్తాను. పళ్లెం ఇటు పెట్టు," అంది.

ఊట ఎండిపోయాక ఆడవాళ్లు బిందెలు నెత్తిన పెట్టుకుని ఏటిదాకా పోవాల్సొచ్చింది. పొద్దున బయల్దేరితే తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. ఆ ఏరు కూడా పేరుకే ఏరు. అప్పుడు ఊరిపెద్ద మాఖొజానే సభ పిలిచింది. భర్త పోయాక పెద్దరికం ఆమెకు వచ్చింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం కంచుగంట. ప్రభుత్వానికి చెప్పామనీ, బోరు వేసే బండి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదనీ చెప్పి, ఇంకేం చేద్దామని అడిగింది.

మగవాళ్లు కంబళ్లు సర్దుకున్నారు. అంతవరకూ ఏ సభలోనూ నోరు తెరవని లెబూసా లేచాడు.

"నేను తవ్వుతాను."

"ఏం తవ్వుతావు న్తాతే?" అంది మాఖొజానే. అక్కడ పెద్దమనిషిని గౌరవంగా అలాగే పిలుస్తారు.

"బావి. నా బతుకంతా చేసింది అదే. వాళ్ల బంగారం కోసం కొండంత లోతు దిగాను. మన నీళ్ల కోసం నాలుగు నిలువులు దిగలేనా?"

వెనకనుంచి ఒక నవ్వు వినపడింది. అది మొహాపీ. లెబూసాతో ఒకే ముఠాలో పనిచేసి, ఒకే రోజు ఇంటికి పంపబడ్డవాడు. ఒంటరి మనిషి. నవ్వితే చాలు దగ్గు తెర వచ్చేది, అయినా నవ్వడం మానేవాడు కాదు. "పెద్దమ్మా, వీడి వంశం గుర్తు మొసలి. నీళ్లు లేకపోతే ముందు చచ్చేది వీడే. తవ్వనివ్వండి. నేనూ దిగుతాను," అన్నాడు.

సభంతా నవ్వింది. మాఖొజానే కూడా నవ్వి, "సరే, ఎక్కడ తవ్వుతారు?" అంది.

"కింద రెల్లు దగ్గర," అంది ఆడవాళ్ల వరసలోంచి మాపులెంగ్. "మేకలు ఇంకా అక్కడే కాళ్లతో గీకుతున్నాయి. ఊరికే గీకవు కదా."

లెబూసా తల అడ్డంగా ఊపాడు. "అది బురదనేల. గోడ నిలవదు. నిలువు లోతు దిగేసరికి కూలి మనిషిని కప్పేస్తుంది. పశువుల దొడ్ల వెనక గట్టి రాయుంది. కొట్టి చూశాను, గంటలా మోగుతోంది. అక్కడ దిగితే నూరేళ్లయినా చెక్కు చెదరదు."

"మాకు నూరేళ్లు నిలిచే గోడ వద్దు. ఇవాళ పొయ్యిమీదికి నీళ్లు కావాలి."

ఈసారి నవ్వింది ఆడవాళ్లు. లెబూసా ముఖం గట్టిపడింది. "బావి తవ్వింది నువ్వా, నేనా?" అన్నాడు. భర్తను నలుగురిలో ఇంకా ఏమంటుంది? మాపులెంగ్ కంబళి సర్దుకుని ఊరుకుంది. మాఖొజానే దొడ్ల వెనక చోటు ఇచ్చింది.

ఆ మర్నాటి నుంచి లెబూసా వేరే మనిషి అయిపోయాడు. గని నుంచి తెచ్చుకున్న టోపీ పెట్టుకున్నాడు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడిగాడు. పాత ఎడ్లబండి ఇరుసుతో గిలక బిగించాడు. అతనూ మొహాపీ కలిసి నేలమీద తాడుతో గుండ్రంగా గీత గీశారు. పైమట్టి పోయాక రాయి వచ్చింది. మందు లేదు, యంత్రం లేదు. ఒకడు ఉలి పట్టుకుంటే ఇంకొకడు సమ్మెట వేసేవాడు. వేటు వేటుకూ పట్టుకున్నవాడు ఉలిని కాస్త తిప్పాలి. తిప్పడంలో క్షణం ఆలస్యమైతే ఉలి ఇరుక్కుంటుంది, తొందరైతే మణికట్టు పోతుంది. వాళ్లిద్దరికీ మాట అక్కర్లేదు. మొహాపీ ఊపిరికీ ఊపిరికీ మధ్య, గనికి పోయేవాళ్లు పాడుకునే ప్రయాణాల పాట ఒకటి కూనిరాగం తీస్తుంటే, ఆ పాట తాళానికే సమ్మెట పడేది. రాయి మరీ మొండికేస్తే ఎండుపేడ పేర్చి మంట పెట్టేవాళ్లు. రాయి ఎర్రగా కాలాక బిందెడు నీళ్లు గుమ్మరిస్తే ఫటేల్మని పగిలేది. ఏటినుంచి మోసుకొచ్చిన నీళ్లను రాతిమీద పొయ్యడం చూసి ఆడవాళ్ల ప్రాణం ఉసూరుమనేది. అయినా పోసేవాళ్లు.

జనం చూడ్డానికి వచ్చేవాళ్లు. పొరుగూళ్ల నుంచి గనికి పోయొచ్చిన మగవాళ్లు వచ్చి అంచున బోర్లా పడుకుని లోపలికి చూసేవాళ్లు. గోడ అద్దంలా నున్నగా, ఏ వైపు చూసినా సమంగా ఉండేది. "అబ్బ, పనంటే ఇదీ," అని నాలుకతో చప్పుడు చేసి, అక్కడే మాపులెంగ్ బీరు తాగి, తమ తమ బావుల కథలు చెప్పుకునేవాళ్లు. కొందరు గిలక తిప్పడానికి చెయ్యేసేవాళ్లు. వాళ్లకు కూలీ ఏమీ లేదు. చాలాకాలానికి చేతికి తెలిసిన పని దొరికింది, అంతే.

మాపులెంగ్ రోజూ మధ్యాహ్నం సంకటీ, ఆకుకూరా తెచ్చి గట్టుమీద కూర్చునేది. ఆమె ఎన్నడూ గని చూడలేదు. ఇన్నేళ్లూ ఆ కిందికి పోయి ఈ మనిషి ఏం చేస్తాడో ఆమెకు తెలియదు. ఇప్పుడు చూసింది. ఇంట్లో చీపురెక్కడ పెట్టాలో తెలియని మనిషి ఆ గోతిలో కళ్లు మూసుకుని కూడా నడవగలడు. ఒకరోజు అతను పైకొచ్చి, ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో, పళ్లు మాత్రం మెరుస్తుంటే, "గోడ చూశావా?" అని అడిగాడు.

"చూశాను," అంది.

"ఎలా ఉంది?"

ఆమెకు నీళ్ల మాట నోటిదాకా వచ్చింది. "బాగుంది," అని మాత్రం అంది. పెళ్లినాడు కూడా అతని ముఖం అంత వెలగలేదని ఆ తర్వాత చెల్లెలితో చెప్పుకుంది.

ఆ తెల్లటి దుమ్మే వాళ్ల కొంప ముంచింది. గనిలో బెజ్జం వేసేటప్పుడు గొట్టంతో నీళ్లు కొట్టేవాళ్లు, దుమ్ము లేవకుండా. ఇక్కడ తాగడానికే లేవు. ఉలి దిగినకొద్దీ పిండిలాంటి దుమ్ము లేచి, పైకి పోలేక, గోతిలోనే వేలాడేది. ఇద్దరూ ముక్కులకు గుడ్డ కట్టుకునేవాళ్లు. మొహాపీ గుడ్డ కొన్నాళ్లకు ఎర్రబడడం మొదలైంది. అతను దాన్ని మడిచి, తెల్లటి వైపు పైకి ఉండేలా కట్టుకునేవాడు. లెబూసా చూడకపోలేదు. కానీ అలా తాళం తప్పకుండా ఉలి పట్టేవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

"రెండ్రోజులు ఆగుదామా?" అన్నాడొకసారి.

"ఆగితే మళ్లీ లేవను," అన్నాడు మొహాపీ. "కొట్టు మొసలీ, కొట్టు. నీ పెళ్లాం మేకలు గెలిచేలా ఉన్నాయి."

ఒక ఉదయం గోతి అడుగున తడి కనిపించింది. లెబూసా అరచెయ్యి ఆనించి చూశాడు. నిజంగానే తడి. అతను అరిచిన అరుపుకు గిలక దగ్గరున్నవాడు తాడు వదిలేశాడు. పది నిమిషాల్లో ఊరంతా గట్టుమీద ఉంది. ఆడవాళ్లు నాలుకలాడిస్తూ కేరింతలు పెట్టారు. "పులా! పులా!" అని అరిచారు, వానా వానా అని. మాఖొజానే స్వయంగా వచ్చి, తడిసిన రాతిముక్కను చేతిలో పట్టుకుని కళ్లకద్దుకుంది.

మొహాపీ మాత్రం గట్టు దిగువన ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు. లెబూసా అతని పక్కకు వచ్చాడు.

"ఏరా, నీకు సంతోషంగా లేదా?"

"నిన్న సాయంత్రం మంట ఆర్పడానికి ఎన్ని బిందెలు పోశాం?" అన్నాడు మొహాపీ మెల్లిగా.

లెబూసా తడిసిన అరచెయ్యి చూసుకున్నాడు.

"అవే ఇవి. రాయి పగుళ్లలోకి పోయి తిరిగొచ్చాయి. నాకు లోపలికి దిగగానే తెలిసింది. బూడిద వాసన." అతను గుంపు వైపు చూశాడు. "ఇవాళ్టికి చెప్పకులే. ఎంతకాలమైందో చూడు, ఈ జనం నవ్వి."

మర్నాటికి తడి ఆరిపోయింది. ఊరు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే లెబూసాకు గుచ్చుకుంది. చూడ్డానికి వచ్చేవాళ్లు తగ్గారు. గిలక తిప్పేవాళ్లు పొలం పనులున్నాయన్నారు, ఎండిపోయిన పొలాల్లో ఏం పనులో మరి. మొహాపీ వస్తూనే ఉన్నాడు. చివరి రోజుల్లో అతన్ని నడుముకు తాడు కట్టి దించాల్సొచ్చేది. సమ్మెట ఎత్తలేడు, ఉలి మాత్రం పట్టుకునేవాడు. తర్వాత ఒక పొద్దున రాలేదు. లెబూసా వెళ్లి చూస్తే గుడిసెలో గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు, కంబళి కప్పుకుని, పడుకుంటే ఊపిరాడదు కాబట్టి. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

అంత్యక్రియల్లో లెబూసా ఏడవలేదు. మట్టి వేసి, చేతులు కడుక్కుని, అదే బూట్లతో గోతి దగ్గరికి పోయాడు. ఊరివాళ్లు చూసి ముఖాలు తిప్పుకున్నారు. కొందరు మనిషిని మింగిన గొయ్యి అన్నారు. మాపులెంగ్ వెనకే వెళ్లింది. గిలక పట్టుకునేవాళ్లెవరూ లేకపోతే ఆమే పట్టుకుంది.

"నువ్వెందుకు? నీ బీరు మాడిపోతుంది."

"బీరు తాగేవాళ్లెవరూ రావడం లేదు. నువ్వు దిగు," అంది.

అలా కొన్ని వారాలు భార్యాభర్తలిద్దరే. ఒంటిచేత్తో ఉలి పట్టుకుని, ఒంటిచేత్తో సుత్తి కొట్టడం. డబ్బాడు రాయి నింపి తాడు లాగితే, పైన ఆమె ఒళ్లంతా బిగించి గిలక తిప్పడం. పెళ్లయ్యాక అన్నాళ్లు ఒకే పనిమీద కలిసి ఎప్పుడూ ఉండలేదు వాళ్లు. కానీ ఒకళ్లు పైన, ఒకళ్లు కింద. మాట్లాడుకోవాలంటే అరవాలి.

అప్పుడు నల్లరాయి తగిలింది. ఉలి వేస్తే నిప్పురవ్వ లేచి ఉలి వెనక్కి ఎగిరింది. మంట పెట్టినా చెక్క ఊడలేదు. లెబూసా మోకాళ్లమీద కూర్చుని, దాన్ని సుత్తితో తట్టి, చెవి ఆనించి విన్నాడు. ఏ చప్పుడూ తిరిగి రాలేదు. అలాంటి రాయి అతనికి బాగా తెలుసు. గనిలోనైతే ఆ రాయిని దాటి ఎక్కడికి పోవాలో, కింద ఏముందో చెప్పేవాళ్లు వేరే ఉండేవాళ్లు. ఫలానా చోట దించండి అని గీత గీసిచ్చేవాళ్లు. దించడం ఒక్కటే తన పని. ఇన్నేళ్లలో ఎక్కడ తవ్వాలని ఎవరూ అతన్ని అడగలేదు. ఒకే ఒక్కసారి అడిగారు. అతను మంచి గోడ నిలిచే చోటు చూపించాడు. నీళ్లకు మంచి రాయి, బావికి మంచి రాయి ఒకటి కాదని అప్పుడు, ఆ చీకట్లో, తట్టింది.

అదే సమయానికి దూరంగా, నేల లోపలినుంచి వచ్చినట్టు, ఆడవాళ్ల కేరింతలు వినపడ్డాయి.

"ఏమిటా గోల? ఎవరిదైనా పెళ్లా?" అని అరిచాడు.

తాడు పట్టి గట్టిగా లాగాడు.

"మాపులెంగ్!"

"రెల్లు దగ్గర," అంది ఆమె పైనుంచి. "నలుగురు ఆడవాళ్లు మూకుళ్లతో బురద తోడుతున్నారు వారం నుంచి. నీళ్లు ఊరినట్టున్నాయి."

"ఎంత లోతులో?"

"ఎందుకులే."

"ఎంత లోతులో అని అడిగాను."

"నడుము లోతు."

అతను ఆ రోజు పైకి రావడానికి చాలాసేపు పట్టింది. రెల్లులో ఊరినవి మురికినీళ్లు. గుడ్డలో వడగట్టి, కాచుకోవాలి. రెండిళ్లకు చాలితే మూడో ఇంటికి చాలేవి కావు. అయినా నీళ్లు నీళ్లే. గుంట గోడ కూలుతూనే ఉండేది, ఆడవాళ్లు మళ్లీ తోడుతూనే ఉండేవాళ్లు. ఎవరూ లెబూసాను ఎత్తిపొడవలేదు. మాపులెంగ్ మొదటి బిందె తెచ్చి, కాచి, అతని ముందు చెంబుతో పెట్టి బయటికి వెళ్లింది. అతను తాగాడు. బురద వాసన వేసింది.

అయినా అతను నల్లరాతి మీదికి దిగడం మానలేదు. ఒక నెలాఖరున పులెంగ్ మసేరు నుంచి వచ్చింది. ఇంట్లో ఎవరూ లేకపోయేసరికి సంచీ గుమ్మంలో పడేసి దొడ్ల వెనక్కి వచ్చింది. తల్లి గిలకకు ఆనుకుని నిలబడి ఉంది, అరచేతులకు గుడ్డలు చుట్టుకుని. కిందనుంచి టంగు టంగుమని చప్పుడు, మధ్యలో దగ్గు.

పులెంగ్ అంచున వంగింది. "నాన్నా!"

చప్పుడు ఆగింది. "ఎప్పుడొచ్చావ్?"

"ఇప్పుడే. పైకి రా."

"పనుంది."

"ఏం పని? నీళ్లు కింద రెల్లులో దొరికాయిగా."

"అది బావి కాదు, గుంట. వానొస్తే పూడిపోతుంది."

"వానొస్తే ఇంక బావెందుకు నాన్నా? అమ్మ చేతులు చూశావా? ఒక్కసారి పైకొచ్చి చూడు. మావయ్య మొహాపీ పోయాడు. నువ్వూ అందులోనే ఉండిపోతే నిన్ను పైకి తీసేదెవరు? నేను సమ్మెట ఎత్తలేను. నా దగ్గరున్నది సూదిపనే."

కింద సుత్తి పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత తాడు కదిలింది. తల్లీ కూతురూ కలిసి గిలక తిప్పారు. పైకొచ్చాక లెబూసా ముందు భార్య చేతుల గుడ్డలు విప్పి చూశాడు. ఆ తర్వాతే కూతురి వైపు తిరిగాడు. వదులుగా కప్పుకున్న కంబళి కింద పులెంగ్ కడుపు ఎత్తుగా ఉంది. అతను చూసి, చూపు తిప్పుకున్నాడు.

"వాడెవడు?"

"ఫ్యాక్టరీ లారీ నడిపేవాడు. ఇప్పుడు లేడు. ఎక్కడికి పోయాడో నాకు తెలియదు, నన్నడగొద్దు," అంది పులెంగ్.

అతను అడగలేదు.

గొయ్యి అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది. చలికాలం మొదట్లో పొరుగింటివాళ్ల ఆవు ఒకటి ఎండుగడ్డి కోసం అంచుకు వెళ్లి పడిపోయింది. చూడి ఆవు. గోడ అంత నున్నగా ఉంటే అది ఎక్కడా ఆగకుండా పోయింది. పైకి తియ్యడం ఎవరివల్లా కాలేదు. మధ్యాహ్నం దాకా అరిచింది. చివరికి లెబూసానే తాడు కట్టుకుని దిగి, కత్తితో దాని బాధ తీర్చాడు. ముక్కలుగా కోసి డబ్బాలో పైకి పంపాడు. ఆవు యజమాని అరిచాడు, తిట్టాడు, తర్వాత కూలబడి ఏడ్చాడు.

మాఖొజానే లెబూసాను పిలిపించింది. "న్తాతే, నువ్వు చెడు తలపెట్టలేదు. అది ఊరికంతా తెలుసు," అంది. "కానీ ఇవాళ ఆవు, రేపు పసిపిల్ల. పూడ్చెయ్యండి."

"మూత వేస్తే..."

"పూడ్చెయ్యండి," అంది మళ్లీ, ఈసారి కంచుగొంతు తగ్గించి.

తవ్వి పైకి తీసిన రాయంతా గట్టుపక్కనే గుట్టగా ఉంది. లెబూసా పార తీసుకుని మొదలుపెట్టాడు. బతుకంతా రాయిని పైకెత్తిన చేతులకు కిందికి తొయ్యడం చేతకాలేదు. మొదటి పారెడు రాయి వేసి, అది అడుగున పడిన చప్పుడు విని, అలా నిలబడిపోయాడు. మాపులెంగ్ ఇంకో పార తెచ్చుకుని పక్కన నిలబడింది. ఆవు యజమాని కూడా వచ్చాడు. నున్నటి గోడ మెల్లమెల్లగా రాళ్ల కింద మునిగిపోయింది. గొయ్యి నిండినా గుట్ట ఇంకా మిగిలింది. తవ్విన రాయి తిరిగి అదే గోతిలో పట్టదు.

పులెంగ్‌కు ఆడపిల్ల పుట్టింది. ఫ్యాక్టరీవాళ్లు ఎక్కువ రోజులు ఆగరు, రానివాళ్ల కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. పిల్లను చూసుకునే మనిషి కావాలని కబురొచ్చింది. మాపులెంగ్‌కు పొలం ఉంది, మేకలున్నాయి, రెల్లు గుంట దగ్గర తోడే వంతు ఉంది.

"నువ్వెళ్లు," అంది భర్తతో.

"నేనా? పిల్లనెత్తుకునేందుకా?"

"ఇక్కడుండి ఏం చేస్తావు? పొద్దున లేచి ఆ గుట్ట చూస్తూ కూర్చుంటున్నావు. నాకు భయమేస్తోంది." కాసేపాగి అంది: "నా బిడ్డ ఒక్కతే ఉంది అక్కడ. నువ్వు ఒక్కడివే ఉండడం ఎలాగో ఎరిగినవాడివి. వెళ్లు."

ఈసారి అతను సరిహద్దు దాటే బండి ఎక్కలేదు. మఫెతెంగ్‌లో మసేరు పోయే చిన్నబస్సు ఎక్కాడు. పెట్టె కూడా చిన్నదే.

పులెంగ్ ఉండేది ఫ్యాక్టరీల వెనక, వరస గదుల్లో ఒక గదిలో. రేకు కప్పు, ఒక మంచం, ఒక పొయ్యి. తెల్లవారుతుండగా ఆ సందుల్లోంచి ఆడవాళ్లు బయటికొచ్చేవాళ్లు. ఒకళ్లు కాదు, ఇద్దరు కాదు, ఏరులా పారేవాళ్లు, కంబళ్లు కప్పుకుని, చేతిలో అన్నం డబ్బాలతో, పొగమంచులో గేటు వైపు. ఒకప్పుడు గని దగ్గర తాము అలాగే నడిచేవాళ్లు. లెబూసా గుమ్మంలో పిల్లను పట్టుకుని చూస్తూ నిలబడేవాడు. పులెంగ్ వెనక్కి తిరిగి చెయ్యూపేది. తర్వాత ఆ గుంపులో ఎవరు పులెంగో తెలిసేది కాదు.

మొదటి రోజు పిల్ల ఒకటే ఏడుపు. వీపుకు కట్టుకుందామని కంబళి చుట్టాడు, జారిపోయింది. మళ్లీ చుట్టాడు, ఈసారి పిల్ల ఒక పక్కకు ఒరిగింది. ఎదుటి గది గోడకు ఎండలో ఆనుకుని నిలబడ్డ ఒకాయన చూస్తున్నాడు. అతని వీపున కూడా ఒక పిల్లాడున్నాడు. ఆ పక్కన ఇంకొకాయన, ఆయన వీపున ఇంకొకడు. ఇద్దరూ దగ్గుతున్నారు. ఆ దగ్గు ఎక్కడ పట్టుకుందో లెబూసాకు చెప్పక్కర్లేదు.

"ముడి రొమ్ము మీద కాదు న్తాతే," అన్నాడు మొదటాయన. "చంక కింద నుంచి తియ్యి. పిల్ల కాళ్లు నీ నడుముకు రెండు వైపులా రావాలి. ఆ... లాగు. ఇంకా లాగు. ఏం కాదు, విరగదు."

"ఊపిరాడుతుందా దీనికి?" అన్నాడు లెబూసా.

"దానికి ఆడుతుంది. మనకే ఆడదు."

రెండోవాడు నవ్వాడు, నవ్వి దగ్గాడు. లెబూసా ముడి బిగించి మెల్లగా వంగి చూసుకున్నాడు. పిల్ల రెండు ఎక్కిళ్లు పెట్టి, అతని వీపుకు చెంప ఆనించి ఊరుకుంది. కూర్చుంటే మళ్లీ లేస్తుందేమోనని, అతను వాళ్ల పక్కనే గోడకు భుజం ఆనించి, ఫ్యాక్టరీ మధ్యాహ్నపు కూత వినపడేదాకా నిలబడే ఉన్నాడు.

అక్కడ అతను రెండు చలికాలాలు బతికాడు. రెండోది పూర్తిగా దాటకముందే ఆ దగ్గుతోనే పోయాడు. పిల్ల అప్పటికి నడుస్తోంది. గోడ పట్టుకుని, ఆ ముసలివాళ్ల కాళ్ల మధ్యనుంచి, ఈ చివరినుంచి ఆ చివరికి.